మా ఆమె చేసింది

ఆ ఎండాకాలం బోధన్‌లో మా షాపుకు వచ్చిన ఇన్వర్టర్లన్నీ బాగుచేసింది నేను. ఊరు మాత్రం చాలా రోజులు భూమేష్ చేశాడనుకుంది. భూమేష్ నా భర్త.

శివరాత్రి మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే అతని చేతిలోంచి బ్రష్ జారిపోయింది. వంగి తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. పక్షవాతమన్నారు, నిజామాబాద్ ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాం. వంకర తిరిగిన మూతి కొంత సర్దుకుంది, మాట వచ్చింది, కాలు కూడా చాలావరకు వచ్చింది. కుడిచెయ్యి రాలేదు. డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసుకుతూ ఉండమన్నాడు. ఇంటికి వచ్చాక మా అత్త హన్మవ్వ బీడీల చాట ముందర కూర్చుని కొడుకు చేతినే చూస్తూ ఉండేది. బంతి పట్టుకునేవాడు, పిసకలేకపోయేవాడు. అది దొర్లుకుంటూ పోతే నేను తెచ్చి ఇచ్చేదాన్ని.

మా షాపు పాత బస్టాండు వెనక సందులో ఉంది. ఒకటే గది, మధ్యలో పరదా. ముందర కౌంటరు, పరదా వెనక పని బల్ల. ఇరవై ఏళ్లుగా అతను ఫ్యాన్లకు వైండింగు కడుతూ, ఇన్వర్టర్లు విప్పుతూ బతికింది అక్కడే. హోలీ దాటేసరికి ఎండలు ముదిరాయి. కరెంటు రోజుకు నాలుగైదు సార్లు పోయేది. షట్టరు మీద రాసి ఉన్న నంబరుకు ఒకటే ఫోన్లు. అతను ఫోను మోగుతుంటే తలగడ కింద పెట్టుకునేవాడు.

ఒకరోజు నేనే తాళంచెవులు తీసుకున్నాను.

"పోదాం పా. నువ్వు సూపియ్యి, నేను చేస్త."

"నువ్వేం చేస్తవే?"

"బీడీలు చుడ్త గదా. నా వేళ్లు ఆడ్తయి."

ఆస్పత్రి నుంచి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. మూతి ఒక పక్కే కదిలింది, అయినా నవ్వే.

ఆ నెలన్నర మా పెళ్లయిన పన్నెండేళ్లలోకీ మేము ఎక్కువ మాట్లాడుకున్న కాలం. పరదా వెనక బల్ల ముందు నేను, పక్కన కుర్చీలో అతను. నా చేతికి పానా అందించేవాడు, ఎడమచేత్తో చూపించేవాడు. తప్పు తీగ తాకితే "అగో అగో" అని అరిచేవాడు. సోల్డరింగ్ నా వేళ్ల మీద పడి బొబ్బలెక్కితే ఇంటికి పోయేదాకా తన చొక్కా అంచు తడిపి పట్టేవాడు. నేర్పడంలో మాత్రం కరకు మనిషి. "గిది పోయిందనుకున్న" అని నేనంటే చాలు, కోపం వచ్చేది. "అనుకునుడేంది? మీటర్ పెట్టు. మీటర్ చెప్పినంకనే నోరు తెరువు."

ఎవరన్నా కౌంటరు దగ్గరికి వస్తే అతను లేచి, గోడ పట్టుకుని ముందుకు వెళ్లేవాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకునేవాడు. "రేపు వచ్చి తీస్కపో అన్నా, చేసి పెడ్త" అనేవాడు. నేను పరదా వెనక చప్పుడు చేయకుండా కూర్చునేదాన్ని. నాకు అప్పుడు అది తప్పుగా తోచలేదు. జబ్బు మనిషి, నాలుగు రోజులు పేరు నిలబెట్టుకుంటే ఏం పోతుంది అనుకున్నాను.

ఏప్రిల్ చివర్లో కనీజ్ ఆపా ఫోను చేసింది. రాకాసిపేటలో ఉంటుంది. యాభై ఐదేళ్ల మనిషి. పెళ్లికొడుకుల షేర్వానీల మీద, పెళ్లికూతుళ్ల దుపట్టాల మీద జరీ పని చేస్తుంది. చెక్క చట్రానికి బట్ట బిగించి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా దాని మీద వంగి సూది నడిపిస్తూనే ఉంటుంది. భర్త అబ్దుల్ రహీం పోయి ఏడేళ్లయింది. కొడుకు హారిస్ నిజామాబాద్‌లో మొబైల్ షాపులో పని చేస్తూ అక్కడే ఉంటాడు. ఆమె పనిచేసే గదికి కిటికీ లేదు. లైటు పోతే సూది ఆగుతుంది.

"నువ్వు పోయి బ్యాటరీ చూసి రా. ఆ మెట్లు నేను ఎక్కలేను" అన్నాడు భూమేష్.

సంచిలో మీటరు, పానాలు, నీళ్ల డబ్బా పెట్టుకుని వెళ్లాను. ఆమె ఇన్వర్టరు పన్నెండేళ్లది. కరెంటు పోగానే ఒక్క నిమిషం వెలిగి, కుయ్యిమని కూసి, ఆరిపోతోంది. అంతకుముందు వచ్చి చూసిన ఇద్దరూ బ్యాటరీ చచ్చిపోయింది, కొత్తది కొనుక్కొమ్మన్నారట.

"మా ఆయన తెచ్చిన సామాన్లల్ల ఇదొక్కటే మిగిలింది బేటీ. పారేయమంటే పాణం ఒప్పుతలేదు" అంది.

బ్యాటరీకి తీగలు బిగించే చెవుల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంది. వేడినీళ్లు పోసి, పాత బ్రష్‌తో రుద్ది, తుడిచి బిగించాను. ఆరు మూతలూ తీసి చూస్తే నీళ్లు బాగా దిగాయి కానీ లోపలి రేకులు ఇంకా బయటికి తేలలేదు. డిస్టిల్డ్ వాటర్ పోశాను. మీటరు పెడితే పదకొండున్నర వోల్టులు. కరెంటు ఉన్నప్పుడు అది పైకి ఎక్కాలి. అరగంట కూర్చున్నాను. పదకొండున్నర దగ్గరే ఉంది. అంటే బ్యాటరీ చావలేదు. దానికి తిండి అందడం లేదు. తప్పు పెట్టెలో ఉంది.

పెట్టె విప్పితే లోపల దుమ్ము, బల్లి గుడ్ల పెంకులు. బ్యాటరీకి కరెంటు వదిలే ఛార్జింగు రిలే ఒక పక్క నల్లగా మాడి, దాని కాళ్ల దగ్గర సోల్డరింగ్ పగిలిపోయి ఉంది. కంటితో చూస్తే తెలియదు, వేలితో కదిలిస్తే ఊగింది. షాపుకు పోయి కొత్త రిలే తెచ్చి వేశాను. మీటరులో అంకె కదిలింది. పదకొండున్నర, పదకొండు ఎనభై, పన్నెండు. ఎక్కుతూనే ఉంది. నాకు ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. పక్కన చెప్పేవాళ్లు లేకుండా నేను పట్టుకున్న మొదటి తప్పు అది.

మర్నాడు మళ్లీ వెళ్లాను. బ్యాటరీ నిండాక ఛార్జింగు తనంతట తాను ఆగిపోవాలి. ఎక్కడ ఆగాలో చెప్పే మర, చిన్న స్క్రూ, ఒకటి లోపలుంటుంది, గోధుమగింజంత. తక్కువ తిప్పితే బ్యాటరీ సగమే నిండుతుంది. ఎక్కువ తిప్పితే ఛార్జింగు ఆగనే ఆగదు, బ్యాటరీ లోపల ఉడికిపోతుంది. మీటరు చూసుకుంటూ పద్నాలుగున్నర దగ్గర ఆగేలా పెట్టాను. మర కదలకుండా భూమేష్ అయితే లక్క కరిగించి వేస్తాడు. నా సంచిలో లక్క లేదు. ఎర్ర నెయిల్ పాలిష్ ఉంటే మర తల మీదా బోర్డు మీదా కలిసి పడేలా ఒక చుక్క వేసి మూత బిగించాను.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఆమె గదిలో లైటు ఆరలేదు. రెండు గంటలు ఆమె సూది ఆపకుండా పని చేసింది. నేను చాయ్ తాగుతూ చూస్తూ కూర్చున్నాను.

"భూమేష్‌కు షుక్రియా చెప్పు బేటీ. ఆయన చెప్పి పంపినట్టు మంచిగ చేసినవ్" అంది.

నోరు మూసుకుని రావాల్సింది. రాలేకపోయాను.

"ఆయన చెప్పలే ఆపా. నేనే చూసి, నేనే చేసిన. నెలన్నర సంది షాపుల పనంత నేనే చేస్తున్న."

ఆమె సూది ఆపింది. నా చెయ్యి తీసుకుని వేళ్ల మీది బొబ్బలు చూసింది. తన వేళ్లు పక్కన పెట్టి చూపించింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిన వేళ్లు.

"చూడు, మనిద్దరివి ఒక్క తీరుగనే ఉన్నయి" అంది.

ఇంటికి నడిచి వస్తుంటే నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. అంత సంతోషం నాకు ఆ తర్వాత కలగలేదు.

కనీజ్ ఆపా ఊరుకోలేదు. తన దగ్గరికి బట్టలు తెచ్చే ఆడవాళ్లందరికీ చెప్పింది. వారం తిరక్కుండా ఒకామె కౌంటరు దగ్గరికి వచ్చి, భూమేష్ లేచి నిలబడితే అతని భుజం మీదుగా లోపలికి తొంగిచూసి, "మీ ఇంటామె లేదా అన్నా? మా ఇంటికి జర ఆమెనే పంపు. మగోళ్లెవరు లేరు, ఆడమనిషైతే మంచిగుంటది" అంది.

అతను పరదా ఇవతలికి వచ్చాడు.

"ఊరంత చెప్పుకున్నవా?"

"అడిగింది, చెప్పిన."

"ఎవలు అడిగిండ్రు? నిన్నెవలు అడిగిండ్రు?" గొంతు పెంచలేదు. బల్ల మీది బంతి తీసుకుని జేబులో వేసుకున్నాడు. "జర ఆగరాదు? నాలుగు నెల్లయితే నా చెయ్యి వస్తది. అప్పుడు నేను ఏ మొకం పెట్టుకొని కూసోవాలె ఈడ?"

ఆ రోజునుంచి నా పక్కన కుర్చీ వేసుకోవడం మానేశాడు. నేనేదన్నా అడిగితే, "నీకు తెల్వంది ఏమున్నది" అనేవాడు.

మే మొదటివారంలో ఒక మధ్యాహ్నం భోజనానికి కూడా రాకుండా ఎటో వెళ్లాడు. రెండు గంటల తర్వాత ఆటో దిగాడు.

"కనీజ్ ఆపా ఇంటికి పోయిన. నీళ్లు చూసి వచ్చిన" అన్నాడు.

"మెట్లెక్కినవా?"

"ఎక్కిన. ఎందుకెక్కరాదు?"

ఒంటరిగా అంత దూరం వెళ్లి మెట్లెక్కి వచ్చాడని నేను సంబరపడ్డాను. అత్తకు చెప్తే ఆమె కూడా దండం పెట్టుకుంది.

ఆ తర్వాత తొమ్మిదో రోజు.

పెళ్లిళ్ల రోజులు. కనీజ్ ఆపా దగ్గర పని కుప్పగా పడి ఉంది. మూడు నాలుగు రోజులుగా ఇంట్లో కుళ్లిన గుడ్ల వాసన వస్తోందట. మోరీ వాసన అనుకుంది. ఆ పగలు బ్యాటరీ పక్కనుంచి పోతుంటే సెగ తగిలింది. నీళ్లు అయిపోయాయేమోనని వంగి ఒక మూత తీసింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, ఇన్వర్టరు అందుకునేటప్పుడు రవ్వ లేచింది. ఉడికిన బ్యాటరీలోంచి వచ్చే గ్యాసుకు ఒక్క నిప్పురవ్వ చాలు. పేలిన చప్పుడు సందు చివరిదాకా వినపడిందట. బ్యాటరీ పై భాగం పగిలి లోపలి ఆసిడ్ ఆమె మొహం మీద పడింది. పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చి బిందెలతో నీళ్లు పోశారు కాబట్టి మనిషి దక్కింది. కుడికన్ను దక్కలేదు. ఎడమకన్ను ఏ మేరకు వస్తుందో అప్పుడే చెప్పలేమన్నారు నిజామాబాద్‌లో.

మర్నాడు పొద్దున షట్టరు తెరిచిన కాసేపటికి హారిస్ వచ్చాడు. వెంట ఇద్దరు ముగ్గురు. చొక్కా మీద చెమట మరకలు ఆరి చారలు కట్టి ఉన్నాయి, ఆస్పత్రిలోనే ఉండి వచ్చినట్టున్నాడు. నేను పరదా వెనక ఉన్నాను. చేతిలో సోల్డరింగ్ ఐరన్ కాలుతోంది.

"భూమేష్ భాయ్, మా అమ్మీ కన్ను పోయింది. ఒక్కటే అడుగుతున్న. ఆ పని ఎవలు చేసిండ్రు?"

ఎండాకాలం మొదలైనప్పటినుంచీ ఆ ప్రశ్నకు భూమేష్ ఒకే జవాబు చెప్తూ వచ్చాడు. నేను చేసిన అన్నా. నేను చేసి పెడ్త అన్నా. ఇప్పుడు కూడా అదే అంటాడని నాకు అనుమానం కూడా లేదు. అతను అలా అనగానే నేను పరదా తీసి బయటికి వచ్చి, కాదు హారిస్ తమ్మీ, నేను చేసిన అని చెప్పాలని అడుగు కూడా ముందుకు వేశాను.

"మా ఆమె చేసింది" అన్నాడు భూమేష్.

ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి.

"నాకు చెయ్యి లేదు గద హారిస్" అన్నాడు మళ్లీ. కుడిచెయ్యి జేబులోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు. ఎవరికీ చూపించని చెయ్యి.

హారిస్ పరదా సందులోంచి నన్ను చూశాడు. ఆడమనిషిని ఏమనాలో అతనికి తోచలేదు. "గిసొంటి పని ఆడోళ్లతోని చేపిస్తరా భాయ్?" అని భూమేష్‌తోనే అని వెళ్లిపోయాడు. నా చేతిలోని ఐరన్ బల్ల అంచుకు తగిలి చెక్క మాడిన వాసన వస్తోంది. అప్పటిదాకా గమనించలేదు.

రెండు రోజులు తిండి సయించలేదు. నా చేతి పనే ఆమె కన్ను తీసిందనుకున్నాను. పద్నాలుగున్నర అనుకుని పదహారున్నర చూశానా? మీటరు తప్పు చెప్పిందా? మూడో రోజు ఉండబట్టలేక రాకాసిపేటకు వెళ్లాను. పక్కింటివాళ్లు తాళంచెవి ఇచ్చారు. గదిలో చట్రం మీద సగం కుట్టిన షేర్వానీ అలాగే ఉంది, దాని మీద ఆసిడ్ పడ్డ చోటల్లా బట్ట జల్లెడ అయింది. బ్యాటరీని ఎవరో మెట్ల కిందికి ఈడ్చేశారు. ఇన్వర్టరు గోడ పక్కనే ఉంది.

మూత విప్పాను. నా ఎర్రచుక్క రెండు ముక్కలై ఉంది. ఒక ముక్క బోర్డు మీద, ఒక ముక్క మర తల మీద. రెండింటికీ మధ్య దాదాపు సగం చుట్టు ఎడం.

ఇంటికి వచ్చేసరికి అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అత్త లోపల బీడీ ఆకు కత్తిరిస్తోంది.

"ఆ దినం పెట్టె విప్పినవా?"

నావైపు చూడలేదు.

"విప్పిన."

"మర తిప్పినవా?"

"నువ్వు తక్కువ పెట్టినవ్. బ్యాటరీ నిండుతలేదు, చూస్తేనే తెలుస్తుంది."

"మీటర్ పెట్టి చూసినవా?"

జేబులో బంతిని తడుముకున్నాడు. ఆ రోజు అతను మీటరు పట్టుకుపోలేదు. అది నా సంచిలోనే ఉంది.

"ఎడమచేతితోని తిప్పినవా?"

"ఏ చేతితోనైతేంది? ఇరవై ఏండ్ల సంది చేస్తున్న నేను. జర తిప్పుదామనుకున్న. స్క్రూడ్రైవర్ జారింది కావచ్చు. ఆపా చాయ్ తెస్తుందని మూత పెట్టేసిన."

కావాలని చేయలేదని నాకు తెలుసు. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. అతను నా పని దిద్దాలనుకున్నాడు, అంతే. దిద్దడానికి అందులో ఏదో ఒకటి తప్పు ఉండి తీరాలి.

"అయిపోయింది గదా. మరి హారిస్ అడిగిననాడు గా ముక్క ఎందుకు చెప్పలె?"

అప్పుడు తల తిప్పి నన్ను చూశాడు.

"నేను చేసిన నేను చేసిన అని ఊరంత చెప్పుకున్నవ్ గదా. ఇప్పుడు చెప్పుకో."

లోపల కత్తెర చప్పుడు ఆగింది. అత్త అంతా వింది. సాయంత్రం నీళ్ల దగ్గర నా పక్కన కూర్చుంది. ఆమె నన్ను ఎన్నడూ కష్టపెట్టిన మనిషి కాదు.

"బిడ్డా, వానికి చెయ్యి పాయె. ఇగ పేరు గూడ పోతే వాడు మంచంల నుంచి లేవడు. నువ్వు గట్టిదానివి, మోస్తవ్."

"ఆమె కన్ను పోయింది అత్తా."

"పోయిన కన్ను నువ్వు నిజం చెప్తె వస్తదా?"

ఇరవై రోజులు మోశాను. సందులో ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేవారు. ఆడమనిషిని పంపమని అడిగినామె ఎదురుపడి, "మా ఇంట్లది గూడ నువ్వే చేసినవ్ గదనే, దాన్ని ఇప్పి పెట్టినం, బుగులైతుంది" అంది. భూమేష్ కౌంటరు దగ్గర కూర్చుని వచ్చినవాళ్లందరికీ, ఇక నుంచి అన్నీ నేనే దగ్గరుండి చూసుకుంటాను అని చెప్పేవాడు. వాళ్లు తలూపేవాళ్లు.

జూన్‌లో కనీజ్ ఆపా ఆస్పత్రి నుంచి తన ఇంటికి వచ్చింది. నన్ను రమ్మని కబురు పంపింది. వెళ్తే మంచం మీద కూర్చుని ఉంది, కుడికంటికి గుడ్డ కట్టి ఉంది, చెంప మీద చర్మం ముడతలు పడి మెరుస్తోంది. ఎడమకన్ను తెరిచే ఉంది కానీ నేను గడప దాటి మాట్లాడేదాకా ఎవరో పోల్చుకోలేదు. చట్రం గోడకు ఆనించి ఉంది. మీద బట్ట లేదు.

"కూసో బేటీ. బుగులు పడకు. కోపం చేసేటందుకు పిలువలే." నా చెయ్యి వెతికి పట్టుకుంది. "హారిస్ పోలీసుల దాక పోత అన్నడు. నేనే వద్దన్న. నేర్చుకునేటోళ్లకు గలతీలైతయి. నేను సూది పట్టిన కొత్తల ఎన్ని బట్టలు ఖరాబ్ చేసిన్నో. మాఫ్ చేసిన. నువ్వు గూడ మనసుల పెట్టుకోకు."

అక్కడ తల వంచుకుని ఆమె పాదాలు తాకి వచ్చేసి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ చేయని తప్పుకు అంత మంచి మనిషి నన్ను మాఫ్ చేస్తుంటే కూర్చోలేకపోయాను. ఆమె నా బొబ్బలు చూసిన మనిషి. ఆమెకు ఒక్కతెకు నిజం తెలిస్తే చాలనిపించింది.

"ఆపా, ఆ గలతీ నాది కాదు. నేను మంచిగనే పెట్టిన. తర్వాత మా ఆయన వచ్చి మర తిప్పిండు."

ఆమె వేళ్లు నా చేతిలో కదలకుండా ఉన్నాయి.

"భూమేషా? నీళ్లు చూసిపోయిండు. అంతే."

"నువ్వు చాయ్ పెట్టేటందుకు లోపలికి పోయినప్పుడు విప్పిండు ఆపా. ఉండు, సూపిస్త." నేను లేచి ఇన్వర్టరు తెచ్చి ఆమె ముందు పెట్టి మూత తీశాను. "చూడు, ఈడ ఎర్రచుక్క. నేను పెట్టిందే. మర తిప్పితే రెండు ముక్కలయింది. ఈడొకటి, ఈడొకటి."

ఆమె వంగింది. మొహాన్ని పెట్టె దగ్గరికి తెచ్చింది. ఎడమకన్ను చిట్లించి, తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"నాకేం కనబడ్తది బేటీ?" అంది. "ఏడ చూడుమంటున్నవ్?"

నేను ఆమె వేలు పట్టుకుని మర మీద పెట్టబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ దినం ఆయన చాయ్ కప్పు పట్టుకోలేకపోయిండు. సాసర్ల పోసి ఎడమచేతికిస్తే తాగిండు. నా కండ్లతోని చూసిన, అప్పుడు నాకు రెండు కండ్లున్నయి. గసొంటోడు పెట్టె విప్పి గింతంత మర తిప్పిండంటవా?"

"తిప్పిండు ఆపా. ఆయనే ఒప్పుకున్నడు నా ముందర."

"అయితే నా ముందర చెప్పుమను."

అతను చెప్పడని నాకు తెలుసు. నేను పెట్టె మూత చేతిలోకి తీసుకున్నాను. ఆమెకు ఆ చప్పుడే చాలు.

"గలతీ చేసినవంటే మాఫ్ చేసిన సుమలతా" అంది. బేటీ అనలేదు. "గని దాన్ని చెయ్యి పడిపోయిన మనిషి మీద, అది గూడ సొంత మగని మీద ఎయ్యవడితివి. ఇది నేను మాఫ్ చెయ్య. పో."

మూత బిగించి, పెట్టెను గోడ పక్కన పెట్టి వచ్చేశాను. నాలుగు మరలు. బిగించడానికి చాలాసేపు పట్టింది.

హారిస్ తర్వాత ఆమెను నిజామాబాద్ తీసుకుపోయాడు. ఎడమకంటి చూపు కొంచెం తిరిగొచ్చిందనీ, మనుషుల్ని పోల్చుకుంటుందనీ, సూదిలోకి దారం మాత్రం ఎక్కించలేకపోతోందనీ విన్నాను. భూమేష్‌తో ఆ విషయం మళ్లీ మాట్లాడలేదు. అతనికి ఆమె దగ్గర జరిగింది చెప్పలేదు. అతను అడగలేదు కానీ, నేను వెళ్లి వచ్చానని ఎవరి ద్వారానో తెలిసింది. ఆ తర్వాత వారం రోజులు నేను వడ్డించిన కంచం ముందర కూర్చుని, నేను వంటింట్లోకి పోయేదాకా అన్నం ముట్టలేదు.

మృగశిర కార్తె పోయి ఆరుద్ర వచ్చింది. వానలు పట్టాయి. జక్రాన్‌పల్లి నుంచి రాజమల్లు అనే ఆయన, చిన్న హోటల్ నడుపుకునే మనిషి, బండికి వెనక కట్టుకుని ఒక ఇన్వర్టరు తెచ్చాడు. అంత దూరం నుంచి భూమేష్ పేరు విని వచ్చాడు. కౌంటరు మీద దించి, టవల్‌తో దాని మీది తడి తుడిచాడు, తర్వాత తన తల తుడుచుకున్నాడు.

భూమేష్ దాన్ని పరదా వెనకకు తెప్పించాడు. నేను మూత విప్పాను. బ్యాటరీ తీగ వచ్చి బోర్డుకు కలిసే చోట కాలి ఊడిపోయింది. ఇంకేం లేదు. గీకి, కొత్త ముక్క వేసి అతికిస్తే అరగంట పని.

అతనూ చూశాడు. అతనికి అది చెప్పక్కర్లేదు.

"చెయ్యి" అన్నాడు మెల్లగా.

నేను ఐరన్ ప్లగ్గులో పెట్టలేదు.

"చేస్త. చేసేది ఎవలో ముందు పోయి ఆయనకు చెప్పు."

ఎడమచేత్తో బల్ల అంచు పట్టుకున్నాడు. రేకుల మీద వాన చప్పుడు పెద్దదైంది. అవతల రాజమల్లు, "అయితదా అన్నా?" అని కేకేశాడు.

భూమేష్ ఎడమచేతి వేలితో ఆ కాలిన తీగను ఒకసారి ముట్టాడు. తర్వాత పరదా తొలగించుకుని ముందుకు వెళ్లాడు.

"కాదన్నా. బోర్డే పోయింది. కొత్తది తీస్కోవాలె."

"ఏడేండ్ల సంది మంచిగ పనిచేసింది అన్నా. ఇంకొక్కసారి చూడరాదు? మీరు చేస్తరంటనే ఇంత దూరం వచ్చిన."

"చూసిన. పోయింది."

నేను మూత బిగించి ఇచ్చాను. రాజమల్లు దాన్ని మళ్లీ బండికి కట్టుకోలేదు. రెండు చేతులతో ఎత్తి, వానలో రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పాత సామాన్ల దుకాణంలోకి తీసుకుపోయాడు. ఆ దుకాణం మనిషి సుత్తి తీసుకుని పెట్టె మీద రెండు దెబ్బలు వేసి, లోపలి రాగి చుట్టను బయటికి లాగడం మొదలుపెట్టాడు.

పరదా ఇవతల నేను, అవతల భూమేష్ అది చూస్తూ నిలబడ్డాం.